ఈకల రంగు, గుడ్డు రంగు

పొడలూ మచ్చలూ ఉన్న గొఱ్ఱెలనూ మేకలనూ తన జీతంగా అడిగిన యాకోబు సంగతి ఆదికాండము చదివిన వారందరికీ తెలిసినదే. మందలో రంగు ఎలా వస్తుంది, ఎలా నిలుస్తుంది అన్న ప్రశ్న అంత పాతది. మన పల్లెల్లోనూ పుంజును చూడగానే కాకి, డేగ, నెమలి, సేతువ అని రంగును బట్టే పేరు పెడతారు. అయితే కోడిని పొదగేసిన ఇల్లాలికి, గంప ఎత్తి చూసేదాకా పిల్లలు ఏ రంగువో తెలియదు. ముందే తెలుసుకొనే మార్గం ఉన్నదా? చాలా మట్టుకు ఉన్నది. ఈ నెల ఫ్రాన్సు దేశపు కోడి జాతి ఒకదానిని ఉదాహరణగా తీసుకొని ఆ సంగతి ముచ్చటించుకుందాం.

ఫ్రాన్సుకు పడమటి తీరాన, లా రోషెల్ పట్టణానికి చేరువలో, మరాన్స్ అనే చిన్న రేవు ఊరున్నది. చుట్టూ చిత్తడి నేలలు. ఓడలతో వచ్చిన పందెపు పుంజులు అక్కడి రైతుల నాటు పెట్టలతో కలిశాయి. వాటిలో మన ఇండియా నుండి వెళ్లినవి కూడా ఉన్నాయని చెబుతారు. తరువాత చైనా నుండి వచ్చిన లాంగ్‌షాన్ జాతి వీటిలో కలిసింది. అలా తయారైన మరాన్స్ కోడికి పేరు తెచ్చింది దాని గుడ్డు. కాఫీ గింజ వలె ముదురు గోధుమ రంగులో ఉంటుంది. 1931లో ఫ్రాన్సులో ఈ జాతికి లక్షణాలు నిర్ణయించారు. ఈకల్లో చాలా రంగులున్నాయి. ఒళ్లంతా నలుపై మెడ మాత్రం రాగి రంగులో మెరిసేది అన్నిటికంటె ప్రసిద్ధం. అమెరికా కోళ్ల సంఘం 2011లో ఆ రంగును గుర్తించింది. చారల ఈకలవి, గోధుమ వన్నెవి, తెల్లవి కూడా ఉన్నాయి. బూడిద కలిసినట్టుండే నీలం రంగుకు కూడా అభిమానులు చాలామంది.

ఆ నీలం దగ్గరే పెంపకందారులకు మొదటి చిక్కు. నీలి పుంజును నీలి పెట్టతో జతచేస్తే పిల్లలన్నీ నీలివే కావాలి కదా అనుకుంటాం. కావు. కొన్ని నల్లవి, కొన్ని నీలివి, కొన్ని తెలుపు మీద నీలి చుక్కలు చల్లినట్టుండేవి వస్తాయి. జాతి చెడిపోయిందేమో, పొరుగువారి పుంజు కలిసిందేమో అని అనుమానం పుడుతుంది. ఏదీ కాదు.

ప్రతి పిల్లకూ తండ్రి నుండి ఒకటి, తల్లి నుండి ఒకటి చొప్పున ప్రతి గుణానికీ రెండు పాళ్లు చేరతాయి. నలుపును పలుచన చేసే పాలు ఒక్కటే ఉంటే కోడి నీలి రంగులో ఉంటుంది. రెండూ ఉంటే చుక్కల కోడి. ఒక్కటీ లేకపోతే నల్ల కోడి. అంటే నీలి కోడి ఎప్పుడూ సగం సగం కలిసినదే. నీలికి నీలి కలిస్తే లెక్క ప్రకారం నాలుగింట ఒకటి నలుపు, రెండు నీలం, ఒకటి చుక్కలది. పన్నెండు పిల్లల్లో మూడు, ఆరు, మూడు అన్నమాట. ఒక్క గంపలో అచ్చంగా అలాగే రాకపోవచ్చు గాని, గంపలు పెరిగేకొద్దీ లెక్క దగ్గరకు వస్తుంది. విచిత్రమేమంటే, అన్నీ నీలి పిల్లలే కావాలంటే నీలి కోడి అక్కరలేదు. నల్ల పుంజుకు చుక్కల పెట్టను, లేదా చుక్కల పుంజుకు నల్ల పెట్టను జతచేస్తే పుట్టేవన్నీ నీలివే! కాబట్టి పనికిరానిదని పక్కన పడేసే చుక్కల పిల్లే నీలి మందకు మూలధనం.

బ్రున్ పట్టణపు సన్యాసి మెండెల్ బఠాణీ మొక్కల మీద కనిపెట్టి 1866లో ప్రచురించిన సూత్రమే ఇది. జంతువులకూ అది వర్తిస్తుందని ఇంగ్లండులో బేట్‌సన్ అనే శాస్త్రజ్ఞుడు 1902లో కోళ్ల మీదనే చూపించాడు.

చారల రంగుది మరో తీరు. చారల పెట్ట ఆ గుణాన్ని తన కొడుకులకే ఇస్తుంది, కూతుళ్లకు ఇవ్వదు. నలుపు–రాగి పుంజును చారల పెట్టతో జతచేస్తే, పుట్టిన నాడే మగపిల్లల నెత్తి మీద తెల్లని మచ్చ కనిపిస్తుంది. ఆడపిల్లలకు ఉండదు. గుడ్ల కోసం పెంచే కుటుంబానికి ఇది ఎంతో మేలు. ఏవి ఉంచుకోవాలో, ఏవి ఇవ్వాలో మొదటి రోజే తెలుస్తుంది. అయితే జత తారుమారు చేసి చారల పుంజును వాడితే ఈ గుర్తు పనిచేయదు.

ఇక అసలు జాగ్రత్త ఇక్కడున్నది. ఈకల రంగు వేరు, గుడ్డు రంగు వేరు. ఒకటి బాగుంటే రెండోది బాగుంటుందన్న హామీ లేదు. మెడ మీద రాగి మెరుపునే చూసి ఏటేటా జత కడుతూ పోతే, నాలుగు తరాల్లో చూడచక్కని కోడీ లేత రంగు గుడ్డూ మిగలవచ్చు. గుడ్డు పెట్టేముందు చివరి గంటల్లో పెంకు మీద ఆ ముదురు రంగు పూతలా పడుతుంది. అప్పుడే పెట్టిన గుడ్డును గట్టిగా రుద్దితే కొంత ఊడిపోతుంది కూడా. పెట్ట గుడ్లు పెడుతున్న కొద్దీ రంగు పలుచబడుతుంది గనుక, విడుపు తరువాత పెట్టే మొదటి గుడ్లను చూసే పెట్టను అంచనా కట్టాలి. పుంజు గుడ్డు పెట్టదు, అయినా తన తల్లి గుడ్డు రంగును కూతుళ్లకు అందిస్తుంది. అందుచేత పుంజు ఏ గుడ్డు నుండి వచ్చిందో రాసిపెట్టుకోవడం మంచి పెంపకందారుల అలవాటు. పిల్ల కాలికి రంగు దారం, గోడ మీద క్యాలెండరులో ఒక గుర్తు, ఇంతే ఖర్చు.

పొదిగించే పద్ధతి ఏ జాతికైనా ఒకటే. వారం రోజులకు మించి నిలవ లేని, పగుళ్లు లేని గుడ్లను ఏరాలి. లావు కొన పైకి ఉంచి చల్లని చోట దాచాలి. నాటు పెట్ట కింద పది పన్నెండుకు మించి పెట్టకూడదు. గుడ్లు పెద్దవైతే ఇంకా తగ్గించాలి. గాలి తిప్పే పంకా ఉన్న యంత్రంలో అయితే వేడి 37.5 డిగ్రీలు ఉండాలి. రోజుకు కనీసం మూడుసార్లు గుడ్లు తిప్పి, 18వ రోజున మానాలి. ఆ పద్దెనిమిది రోజుల్లో గుడ్డు తన బరువులో సుమారు నూటికి పన్నెండు వంతులు కోల్పోవాలి. అరవై గ్రాముల గుడ్డుకు ఏడు గ్రాములన్నమాట. చివరి మూడు రోజులు తేమ పెంచి, మూత తీయకుండా ఓపిక పట్టాలి. మామూలు గుడ్డును ఏడో రోజున దీపం ముందు పట్టి చూస్తే నరాలు కనిపిస్తాయి. మరాన్స్ గుడ్డు పెంకు ముదురు గనుక వెలుగు సరిగా దూరదు, మరి కొన్ని రోజులు ఆగి చూడడం మంచిది. 21వ రోజున పెంకు పగిలాక పిల్ల ఆలస్యం చేస్తున్నదని తొందరపడి ఒలిస్తే రక్తం కారి చనిపోవచ్చు. పిల్ల పొట్టలోకి చేరే పచ్చసొన రెండు రోజుల దాకా దానికి ఆహారం.

రంగు కోసం పొదిగించేవారు ముందే ఆలోచించవలసినది మరొకటి ఉన్నది. పిల్లల్లో సగం మగవే. కోరిన రంగు రానివి సగమో పావో ఉంటాయి. వాటన్నిటికీ మేత ఎక్కడిది, చోటు ఎక్కడిది? పెంచగలిగినన్ని గుడ్లే పెట్టడం మేలు. రంగు కుదరనంత మాత్రాన పెట్ట గుడ్డు పెట్టడం మానదు. పొరుగింటి వితంతువుకు ఆ నల్ల పెట్టే రేపటి ఉప్పూ పప్పూ కావచ్చు. అమ్మేటప్పుడు కూడా ఉన్నమాటే చెప్పాలి. నీలి జతను అమ్ముతూ పిల్లలన్నీ నీలివే అని చెప్పడం కొన్నవారిని మోసగించడమే.

మన వారికి ఇది దూరపు సంగతి కాదు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పల్లె పెరళ్ల కోసం రూపొందించిన వనరాజా కోడికి కావాలనే రంగురంగుల ఈకలు ఉంచారు. నాటు కోడిలా కనబడుతుంది, గద్ద కంటికి తెల్లకోడి అంత తేలికగా దొరకదు. అయితే అది వేరు వేరు వరుసల కలయికతో పుట్టినది. దాని గుడ్లు ఇంట్లో పొదిగిస్తే పిల్లలు తల్లిలా ఉంటాయని, తల్లిలా గుడ్లు పెడతాయని ఆశించకూడదు. ఎందుకో పైన చెప్పిన నీలి కోడి లెక్క చదివినవారికి ఇప్పుడు తెలుసు.

వచ్చే నెల, పిల్లలకు మొదటి వారంలో వేయించవలసిన కొక్కెర తెగులు టీకా గూర్చి, వెచ్చదనం గూర్చి ముచ్చటించుకుందాం.