చక్రం మీద నల్ల పొడి ఏం చెబుతోంది?

కారు కడగడంలో మనోళ్లందరిదీ ఒకటే పద్ధతి. బానెట్ తళతళ మెరవాలి, అద్దాల మీద ఒక్క మరక ఉండకూడదు, డ్యాష్‌బోర్డు మీద దేవుడి బొమ్మ చుట్టూ దుమ్ము కనపడకూడదు. చక్రాల దగ్గరికొచ్చేసరికి మాత్రం పైపుతో నాలుగు సార్లు కొట్టి, ‘ఎట్లాగూ మళ్లీ రోడ్డు మీదకే కదా’ అని వదిలేస్తాం. ఒక్క దసరా ఆయుధపూజ రోజే చక్రాలకు మర్యాద. పసుపు, కుంకుమ పెట్టి, కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. మిగతా 364 రోజులూ వాటి మొహం చూసేవాళ్లు ఉండరు.

మా మైదుకూరులో కారు ఉంటే చక్రాలకు మురికి కొరతే లేదు. కడప నుంచి కర్నూలు పోయే 40వ నంబరు హైవే, ప్రొద్దుటూరు నుంచి బద్వేలు పోయే 67వ నంబరు హైవే మా ఊళ్లోనే కలుస్తాయి. లారీల దుమ్ము ఎప్పుడూ ఉంటుంది. పక్క పల్లెలకు పోతే నల్లరేగడి. వాన పడిందంటే ఆ మట్టి రిమ్ముకు పిండిముద్దలా పట్టుకుంటుంది. ఈ రెండూ బయటి నుంచి వచ్చేవి. మూడోదాన్ని మన కారే తయారు చేస్తుంది. ముందు చక్రాల మీద సన్నగా, నల్లగా, వేలితో రుద్దితే అంటుకునే పొడి. అదే బ్రేక్ డస్ట్.

బ్రేకు తొక్కినప్పుడు ప్యాడ్లు రెండు పక్కల నుంచి ఇనుప డిస్కును నొక్కి పట్టుకుంటాయి. కారు వేగమంతా అక్కడ వేడిగా మారుతుంది. చిన్న లెక్క చూడండి. 1000 కిలోల కారు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతూ పూర్తిగా ఆగితే పుట్టే వేడితో, ఒక లీటరు నీళ్లను 30 డిగ్రీల నుంచి దాదాపు 90 డిగ్రీల దాకా కాచొచ్చు. ఒక్కసారి ఆగినందుకే అంత! ఆ రాపిడిలో ప్యాడు కొంచెం, డిస్కు కొంచెం అరిగి పొడిగా రాలతాయి. వేడి వేడిగా వచ్చిన ఇనుప రజను రిమ్ముకు అతుక్కుంటుంది. దానికి తేమ తగిలితే తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన రజను పెయింటును గట్టిగా పట్టుకుంటుంది. అందుకే నెలల తరబడి వదిలేసిన అలాయ్ వీల్స్ మీద ఉత్త నీళ్లు ఎంత కొట్టినా గోధుమరంగు చుక్కలు పోవు.

ముందు చక్రాలకే ఎందుకు ఎక్కువ? బ్రేకు వేయగానే బండి బరువు ముందుకు వాలుతుంది, కాబట్టి ఎక్కువ పని ముందు బ్రేకులే చేస్తాయి. పైగా మన దగ్గర చాలా చిన్న కార్లకు వెనక ఉండేవి డ్రమ్ బ్రేకులు. వాటి పొడి చాలావరకు డ్రమ్ములోనే ఉండిపోతుంది.

సరే, కడిగేదెట్లా? మొదటి రూలు, చక్రం చల్లబడాలి. హైవే మీద నుంచి వచ్చీ రాగానే నీళ్లు కొట్టొద్దు. కాగిన డిస్కు మీద చన్నీళ్లు పడితే అది వంకర పోయే ప్రమాదం ఉంది. మన 40 డిగ్రీల ఎండలో అయితే సబ్బు కూడా చక్రం మీదే ఎండిపోయి మరకలు పడతాయి. పొద్దున్నే, నీడలో కడగండి.

బాడీ కంటే ముందు చక్రాలు కడగాలి. లేదంటే శుభ్రమైన బాడీ మీద మళ్లీ మురికి చిమ్ముతుంది. ముందు ఉత్త నీళ్లతో మట్టి నానబెట్టండి. తర్వాత కార్ షాంపూ కలిపిన నీళ్లు, మెత్తటి బ్రష్షు. నట్ల సందుల్లోకి పాత టూత్ బ్రష్షు చాలు. ఒక చక్రం పూర్తిగా కడిగాకే ఇంకోటి. చక్రాలకు వాడిన గుడ్డ బాడీకి మాత్రం వాడొద్దు. అందులో ఇరుక్కున్న ఇనుప రజను పెయింటు మీద గీతలు పెడుతుంది.

రిమ్ము లోపలి వైపు మర్చిపోవద్దు. నల్లరేగడి ముద్ద లోపల ఒకవైపే ఎండిపోతే చక్రం బ్యాలెన్స్ తప్పుతుంది. 80 దాటగానే స్టీరింగ్ వణుకుతుంది. అలైన్‌మెంట్ అని, బ్యాలెన్సింగ్ అని డబ్బులు కట్టే ముందు ఒకసారి లోపల చెయ్యి పెట్టి చూడండి. అర కేజీ మట్టి బయటపడొచ్చు.

మొండి గోధుమ చుక్కలకు ‘ఐరన్ రిమూవర్’ అని అమ్ముతారు. కొట్టగానే ఊదారంగులోకి మారి కారుతుంది. రీల్స్‌లో చూసి మాయాజాలం అనుకుంటాం గానీ, అది థయోగ్లైకొలేట్ అనే రసాయనం ఇనుముతో కలిసినప్పుడు వచ్చే రంగు. వెంట్రుకలు తీసే క్రీముల్లో ఉండేదీ ఆ కుటుంబమే, ఆ కంపు కూడా అందుకే. గ్లవుజులు వేసుకోండి, ఎండిపోకముందే కడిగేయండి. మూడు నాలుగు నెలలకు ఒకసారి చాలు. యాసిడ్ జోలికి మాత్రం పోవద్దు. బాత్రూం యాసిడ్ అలాయ్‌ను తినేస్తుంది. చింతపండుతో ఇత్తడి కుందులు మెరుస్తాయి కదా అని ఇక్కడ కూడా రుద్దేరు, ఇది ఇత్తడి కాదు.

ఇక నీళ్ల సంగతి. 2024 మార్చిలో బెంగళూరులో తాగునీళ్లతో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్నారు. మన సీమలో జరిమానా లేకపోయినా, బోరు ఎండిపోతే అంతకంటే పెద్ద శిక్షే. నాలుగు చక్రాలకు ఒక బకెట్ సబ్బు నీళ్లు, రెండు బకెట్ల మంచినీళ్లు సరిపోతాయి. బకెట్ 15 లీటర్లనుకుంటే మొత్తం 45 లీటర్లు. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ కాబట్టి, ఆరేలోపే గుడ్డతో తుడవాలి. లేకపోతే తెల్ల మచ్చలు. ఏసీ నుంచి కారే నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు. బకెట్లో పట్టి పెట్టుకుంటే చివరి కడుగుకు భేషుగ్గా పనికొస్తాయి. కేసీ కాలువ గట్టున మాత్రం బండి కడగొద్దు. ఆ లోహాల పొడి, ఆయిలు పోయేది ఎవరో ఒకరి మడిలోకే.

ఇంతవరకూ అందం. అసలు విషయం ఇప్పుడు చెప్తా.

సాఫ్ట్‌వేర్‌లో ఏదైనా తేడా కొడితే మేం ముందు తెరిచేది లాగ్ ఫైల్. కారుకు చక్రం మీది పొడే లాగ్ ఫైల్. ఈ మధ్య మా చిన్నాయన కారు కడుగుతుంటే ఆయన అరుగు మీద కూర్చుని, “ఏం అబ్బీ, ఇంజినీరింగ్ చదివింది చక్రాలు తోమడానికా?” అన్నాడు. “అది సరే చిన్నాయనా, ఇట్లొచ్చి ఈ రెండు చక్రాలు చూడు” అన్నాను. కుడి ముందు చక్రం మామూలుగా ఉంది. ఎడమ ముందు చక్రం మాత్రం మసి పూసినట్టు నల్లగా ఉంది. రెండూ తిరిగింది ఒకే రోడ్డు మీద, రెంటికీ ఒకటే బ్రేకు పెడలు. తేడా ఎందుకు రావాలి?

మెకానిక్ అన్న చక్రం విప్పి చూశాడు. క్యాలిపర్ పిన్ను గ్రీజు ఎండిపోయి బిగుసుకుపోయింది. పెడలు మీద నుంచి కాలు తీసినా ప్యాడు డిస్కును వదలడం లేదు. లోపలి ప్యాడు దాదాపు ఇనుము కనపడేదాకా అరిగిపోయింది. ఆ వారమే చిన్నాయన వాళ్లు ఇంటిల్లిపాదీ రాయచోటి మీదుగా బెంగళూరు పోవాలి. దారిలో గువ్వలచెరువు ఘాట్. ఆ దిగుడులో బ్రేకుల మీద ఎంత భారం పడుతుందో అటు పోయినోళ్లకు చెప్పక్కర్లేదు. చిన్నాయన ఏమీ అనలేదు. ప్యాడ్లు మార్పించినాక, “ఆ వెనకవి కూడా చూడమను అబ్బీ” అన్నాడు, అంతే.

అందుకే కడిగే ముందు ఒక నిమిషం చూడండి. ఎడమ, కుడి చక్రాల మీద పొడి ఒకేలా ఉండాలి. ఒకదాని మీద బాగా ఎక్కువుంటే బ్రేకు పట్టేసి ఉండొచ్చు. ఒకదాని మీద అసలు లేకపోతే అటువైపు బ్రేకు పని చేయడం లేదేమో. పొడి బదులు జిడ్డుగా, తడిగా ఉంటే గ్రీజో బ్రేక్ ఆయిలో కారుతోంది, బండి కదిలించకుండా మెకానిక్‌ను పిలవండి. డిస్కు మీద లోతు గాట్లు కనపడినా చూపించాల్సిందే. కడిగిన మర్నాడు డిస్కు మీద కనపడే పల్చటి తుప్పుకు మాత్రం భయపడక్కర్లేదు, నాలుగు బ్రేకులకు పోతుంది. టైరు పాలిష్, నూనె స్ప్రేలు డిస్కు మీద పడనీయకండి. కడిగాక నెమ్మదిగా పోతూ రెండు మూడు సార్లు బ్రేకు తొక్కి ఆరనివ్వండి.

ఇంకో మాట. ఈ పొడి చక్రం మీదే ఆగదు, గాలిలోకీ పోతుంది. యూరప్‌లో 2024లో తెచ్చిన యూరో 7 నిబంధనలు పొగకే కాదు, బ్రేకుల ధూళికి కూడా మొదటిసారి హద్దు పెట్టాయి. పెట్రోలు, డీజిలు కార్లకు కిలోమీటరుకు 7 మిల్లీగ్రాములు, పూర్తి ఎలక్ట్రిక్ కార్లకు 3. మన దగ్గర వాటర్ సర్వీసింగ్ షెడ్లలో పదిహేను, ఇరవై ఏళ్ల పిల్లోళ్లు డ్రమ్ము విప్పి కంప్రెషర్ గాలితో బుస్సుమని ఊదుతుంటారు. మొహానికి గుడ్డ కూడా ఉండదు. పాత బండ్ల బ్రేకుల్లో ఆస్‌బెస్టాస్ వాడేవారు, అది ఊపిరితిత్తులకు క్యాన్సర్ తెచ్చే పదార్థం. మీ కారు అక్కడ ఇచ్చినప్పుడు “తమ్ముడూ, ఊదొద్దు, తడిపి తుడువు” అని ఒక్క మాట చెప్పండి. డ్యాష్‌బోర్డులో పడి ఉన్న మాస్కు ఒకటి తీసి ఇవ్వండి. మన చక్రం మెరవడానికి వాడి ఊపిరితిత్తులు నల్లబడాల్సిన పని లేదు.