మంచు కింద చేప, మన చేతిలో గాలం

మా తరగతికి లేహ్ నుంచి బదిలీ మీద వచ్చిన మిత్రుడు ఒకసారి గడ్డకట్టిన సరస్సు ఫొటో చూపించాడు. "అయితే చేపలన్నీ చచ్చిపోతాయా?" అని అందరం ఒకేసారి అడిగాం. నీటికి 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర సాంద్రత ఎక్కువ కాబట్టి ఆ నీరు అడుగుకు చేరుతుందని, మంచుగడ్డ తేలిక కనుక పైన తేలుతుందని, ఆ కప్పు కింద చేపలు చలికాలమంతా బతుకుతాయని సైన్సు సార్ చెప్పారు. అప్పటి నుంచి, మంచుకు రంధ్రం చేసి చేపలు పట్టేవాళ్ళ గురించి చదవసాగాం. చేపల కన్నా వాళ్ళు ఇంట్లో చేసుకునే పరికరాలే మాకు ఎక్కువ నచ్చాయి.

అమెరికాలోని మిన్నెసోటా వంటి చలి ప్రాంతాల్లో టిప్-అప్ అనే సాధనం వాడతారు. రెండు కర్రలను కూడిక గుర్తులా బిగించి రంధ్రం మీద అడ్డంగా పెడతారు. మూడో కర్ర నీళ్ళలోకి దిగుతుంది. దాని చివర దారం చుట్టిన కండె ఉంటుంది. చేప ఎరను లాగగానే కండె తిరుగుతుంది, వంచి పెట్టిన ఉక్కు రేకు విడిపడి చిన్న జెండా పైకి లేస్తుంది. కండె నీళ్ళలోనే ఎందుకు? పైన ఉంటే తడి దారం గడ్డకట్టి బిగుసుకుపోతుంది. రంధ్రంలో మళ్ళీ మళ్ళీ పేరుకునే మంచు తునకలను తోడడానికి, మన అమ్మలు బూరెలు తీసే చిల్లుల గరిటె లాంటిదే చాలు.

ఫిన్లాండులో ఈ వేటను పిల్కీ అంటారు. అక్కడివాళ్ళు రెండు కర్ర పిడులకు మేకులు బిగించి, తాడుతో కలిపి మెడలో వేసుకుంటారు. మంచు విరిగి నీళ్ళలో పడితే, ఆ మేకులను గుచ్చి పైకి పాకుతారు. కనీసం 10 సెంటీమీటర్ల గట్టి మంచు లేనిదే దాని మీద నడవకూడదన్నది వాళ్ళ జాగ్రత్త. చెట్లు పెరగని ఆర్కిటిక్ ప్రాంతంలో ఇన్యుయిట్ ప్రజలు కకివాక్ అనే మూడు మొనల ఈటెకు మస్క్ ఆక్స్ అనే జంతువు కొమ్మును వాడారు. కొమ్ము విరగకుండా వంగి చేపను పట్టి ఉంచుతుంది. మన గోదావరి గట్టున వెదురు కర్ర, జీలుగు బెండు, వానపాము ఎర చేసే పని కూడా ఇదే. ఏ నేలలో ఏది దొరుకుతుందో, ఏది ప్రమాదమో ఆ పరికరమే చెబుతుంది.

"బజారులో ఇంతకన్నా మంచివి దొరుకుతాయి కదా?" అని కొందరు అంటారు. నిజమే. కానీ కొన్న గాలం ఏ ఊళ్ళోనైనా ఒకటే. బదిలీ ఉద్యోగుల పిల్లలమైన మనకు ఊళ్ళు కూడా అలాగే అయిపోతున్నాయి. అదే క్వార్టర్సు, అదే యూనిఫాం, అదే పాఠ్యపుస్తకం. మూడేళ్ళు ఉండి వచ్చిన ఊరి గురించి ఎవరైనా అడిగితే బడి పేరు తప్ప చెప్పలేకపోతున్నాం.

2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల వారికి పుస్తకాల సంచి లేని 10 రోజులు ఉండాలని, ఆ రోజుల్లో స్థానిక వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలులు వంటివారి దగ్గర పని నేర్చుకోవాలని చెప్పింది. ఫిన్లాండు బడుల్లో చేతిపని 1866 నుంచే పాఠ్యాంశం. మన 10 రోజులు చార్టులు అతికించడంతో గడిచిపోకూడదని మా అభిప్రాయం. ఉన్న ఊళ్ళో జాలరి దగ్గరో, వడ్రంగి దగ్గరో కూర్చుని, అక్కడి వస్తువులతో ఒక్క పనిముట్టయినా మనమే చేయాలి. మొదటిది వంకరగానే వస్తుంది, రానివ్వండి. మళ్ళీ బదిలీ ఉత్తర్వు వచ్చినప్పుడు సామాను పెట్టెలో దానికీ కాస్త చోటు ఉంచుదాం. కొత్త బడిలో మిత్రులు "ఇదేమిటి?" అని అడిగినప్పుడు, పాత ఊరి గురించి చెప్పడానికి మన దగ్గర ఒక మాట ఉంటుంది.