కొప్పున్న దేవుడి ఊళ్ళో హిప్ హాప్

మా పలివెల శివుడికి కొప్పు ఉంటుంది. స్వామి పేరే ఉమా కొప్పులింగేశ్వరుడు. తెలియనివారి కోసం స్థలపురాణం రెండు ముక్కల్లో చెబుతాను. పూర్వం ఇక్కడి అర్చకుడొకడు స్వామికి వేయవలసిన పూలమాలను ముందుగా తన ప్రియురాలైన వేశ్య కొప్పులో తురిమి, ఆ తరువాత తెచ్చి లింగానికి అలంకరించేవాడట. ఒకనాడు రాజుగారికి ప్రసాదంగా ఇచ్చిన పూలలో పొడుగాటి తలవెంట్రుక కనిపించింది. ప్రాణభయంతో అర్చకుడు, స్వామికి కొప్పు ఉంది ప్రభూ అనేశాడు. మర్నాడు రాజు వచ్చి చూసేసరికి లింగానికి నిజంగానే కొప్పు మొలిచి ఉంది.

అపచారం చేసినవాడిని కాపాడటానికి తానే కొప్పు ధరించిన దేవుడి ఊరు ఇది. అటువంటి ఊళ్ళో, మొన్న సంక్రాంతికి, మడీ మైలల గురించి నాకొక పాఠం జరిగింది. ఈ టపాకు కారణం అదే.

ఎదురింటి డాబా మీద ఏడుగురు కుర్రాళ్ళు ఫోనులో పాట పెట్టుకుని హిప్ హాప్ సాధన చేస్తున్నారు. ఒక్క అడుగునే పాతికసార్లు వేస్తున్నారు. ఏ ఒక్కడు తప్పినా అందరూ మళ్ళీ మొదటికి వస్తున్నారు. నా పక్కన అరుగు మీద కూర్చున్న పెద్దాయన కాసేపు చూసి, "చూశారాండీ ఆ కుప్పిగంతులు! మన కోలాటం ఏమైపోయిందండీ, మన కూచిపూడి ఏమైపోయిందండీ? మనది కానిదాన్ని నెత్తికెత్తుకుంటే సంస్కృతి ఇలాగే తగలడుద్దండి, ఆయ్" అన్నారు. వయసులో పెద్దవారు కనుక అక్కడ మాట్లాడలేదు. ఇక్కడ మాట్లాడతాను.

'మనది కానిది' అన్న మాటతోనే మొదలుపెడదాం. 1992లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, అర్వైన్ ప్రాంగణంలో ఆర్నెల్ కాల్వారియో అనే విద్యార్థి ఒక నృత్యబృందాన్ని ప్రారంభించాడు. అది అక్కడి ఫిలిపినో అమెరికన్ విద్యార్థుల సంఘంలో పుట్టింది. సంఘం పేరు కబాబయన్. వారి భాషలో ఆ మాటకు మన ఊరివాడు, మన దేశంవాడు అని అర్థం. అందులోని మొదటి అక్షరాలు తీసుకుని బృందానికి కబా మోడరన్ అని పేరు పెట్టుకున్నారు. వారు ఆడినది హిప్ హాప్. అది ఫిలిప్పీన్స్‌ది కాదు. న్యూయార్కులోని బ్రాంక్స్ పేటలో, 1973 ఆగస్టులో కూల్ హెర్క్ పాటలు వేసిన విందుతో దాని పుట్టుకను లెక్కిస్తారు. నల్లజాతి యువకులు, వారితోపాటు పోర్టోరికో యువకులు పెంచిన కళ అది. (ఆ రుణం ఒప్పుకోకుండా ఎవరు ఆడినా తప్పే. మా డాబా కుర్రాళ్ళకూ ఈ మాట చెప్పాను.) 1898 నుంచి 1946 దాకా అమెరికా ఏలుబడిలో ఉన్న దేశపు బిడ్డలు, అమెరికాలో అందరికన్నా అణగద్రొక్కబడినవారి ఆటను నేర్చుకుని, దానికి 'మన ఊరివాడు' అని పేరు పెట్టుకున్నారు. ఇలాంటి విద్యార్థి సంఘాలు ఏటా జరిపే సాంస్కృతిక రాత్రులలో వెదురుబొంగుల మధ్య గెంతే టినిక్లింగ్ ఉంటుంది, హిప్ హాప్ కూడా ఉంటుంది. వరిచేలలో బొంగుల వలలను తప్పించుకునే పక్షి నడక టినిక్లింగ్ అని చెబుతారు. ఒకటి రెండవదాన్ని మింగలేదు.

2008లో ఎంటీవీ వారి 'అమెరికాస్ బెస్ట్ డాన్స్ క్రూ' మొదటి పోటీలో కబా మోడరన్ మూడవ స్థానం పొందింది. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది వేరొకటి. అది విద్యార్థుల బృందం. చదువు ముగిసినవారు వెళతారు, పరీక్షలో నెగ్గి కొత్తవారు వస్తారు. పాతవారికొక జట్టు, పిల్లలకొక జట్టు కూడా ఏర్పడ్డాయి. నేర్చుకున్నవాడు తరువాతివాడికి నేర్పటం అనే పని అక్కడ మూడు దశాబ్దాలుగా సాగుతోంది.

ఇప్పుడు మన సంగతి. ఆలయ నృత్యం ఏమైపోయిందని వాపోయేవారికి జ్ఞాపకం చేస్తాను. 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం ఆడపిల్లలను దేవుడికి అంకితం చేయటాన్ని నిషేధించింది. అది జరగవలసిందే. కానీ అదే చట్టం గుడి ఆవరణలోను, దేవుడి ఊరేగింపులోను స్త్రీ నర్తించటాన్నే చట్టవిరుద్ధం చేసింది. గోదావరి సీమ కళావంతుల కుటుంబాలు తమ విద్యను బయటికి చెప్పుకోలేక ఇళ్ళలో దాచుకున్నాయి. కొప్పులో పూలు పెట్టుకున్న స్త్రీని దేవుడు వెనకేసుకొచ్చాడు, మనం వెళ్ళగొట్టాం. దశాబ్దాల తరువాత నటరాజ రామకృష్ణగారు ఆంధ్రనాట్యమని, స్వప్నసుందరిగారు విలాసినీ నాట్యమని ఆ విద్యను తిరిగి వేదిక ఎక్కించినప్పుడు చప్పట్లు కొట్టినవారమూ మనమే. ఆ ఇళ్ళ గుమ్మాలు మాత్రం మనలో ఎంతమంది తొక్కాం?

కూచిపూడి మాటకొస్తే, ఒకప్పుడు అది పురుషులు మాత్రమే ఆడే ఆట. సత్యభామ జడ కూడా మగవాడి వీపు మీదే వేలాడేది. వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో అకాడమీ పెట్టి ఎందరో ఆడపిల్లలకు నేర్పారు. ఇవాళ మనం సనాతనమని మురిసిపోయే దృశ్యం ఒక మనిషి ఆయుర్దాయంలో మారినదే.

అమెరికా తెలుగువారినీ వదలను. అక్కడ మన పిల్లలు కూచిపూడి నేర్చుకుంటున్నారు, సంతోషం. కానీ ఎక్కువగా చూసేది ఏమిటి? ఒక్క అమ్మాయి, ఒక్క సాయంత్రం, అద్దె హాలు, అరంగేట్రం, విందు. మరుసటి ఏడు ఆ అమ్మాయి కాలేజీకి వెళ్ళిపోతుంది, గజ్జెలు పెట్టెలోకి వెళతాయి. మహాసభలకేమో సినిమావారిని విమానమెక్కించి రప్పించుకుంటాం. బొంగులు పట్టుకుని గెంతిన ఫిలిపినో పిల్లలు, పక్క పిల్లవాడి అడుగు తప్పితే తన అడుగూ తప్పినట్టే అని నేర్చుకుంటున్నారు. మనవాళ్ళకు ఆ అవకాశం మనమివ్వలేదు.

కోనసీమకు అది తెలియనిదా? కనుమనాడు జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ళ రుద్రులు ప్రభల మీద కదులుతారు. గంగలకుర్రు ప్రభలు కౌశిక నీళ్ళలోకి దిగి దాటుతాయి. వాటిని మోసేది ఆ ఊళ్ళ కుర్రాళ్ళే. ఒక భుజం జారితే ప్రభ ఒరుగుతుంది. అదే మన ఊళ్ళ తీర్థాలలో ఆట దగ్గరికి వచ్చేసరికి చందాలు పోగుచేసి బయటి బృందాన్ని పిలిపిస్తాం, కుర్చీలలో కూర్చుని చూస్తాం. కోలాటం ఎక్కడికి పోయిందంటే, మన చేతిలోని కర్రలు డబ్బిచ్చి ఇంకొకరి చేతిలో పెట్టాం కనుక పోయింది. హిప్ హాప్ వచ్చి లాక్కోలేదు. కోలాటం కోసం ఏడ్చే పెద్దమనిషిని ఒకటే అడుగుతాను: మీరు చివరిసారి కర్రలు పట్టినది ఎప్పుడండీ?

ఆ డాబా మీది వాళ్ళను ఎవరూ డబ్బిచ్చి పిలవలేదు. దాదాపు ప్రతి సాయంత్రం వాళ్ళంతట వాళ్ళే ఎక్కుతున్నారు. ఈ మధ్య మళ్ళీ వెళ్ళినప్పుడు చూశాను, ఏడుగురిలో ఒకడు చదువు కోసం హైదరాబాదు వెళ్ళిపోయాడట. అతడి చోట వీధి చివరి ఇంటి అమ్మాయి నిలబడి ఉంది. అడుగు తప్పుతోంది. అందరూ మళ్ళీ మొదటికి వస్తున్నారు.