జర్మనీలో కేక్ మనమే తేవాలి!

మన ఆఫీసుల్లో ఎవరిదైనా పుట్టినరోజైతే ఫ్రెండ్సే తలా కొంత వేసుకుని కేక్ తెస్తారు. సగం తినిపించి, సగం ముఖానికి పూస్తారు. జర్మనీలో సీన్ రివర్స్! పుట్టినరోజు ఎవరిదో వాళ్లే కేక్ తేవాలి. ఆఫీస్ కిచెన్‌లో పెట్టి "రండి" అని మెసేజ్ పెట్టాలి.

ఇంకో సంగతి. ముందురోజే విష్ చేస్తే అపశకునం అంటారు ఇక్కడ. మనవాళ్లేమో రాత్రి 12 కొట్టగానే ఫోన్లు! ఎండాకాలంలో టైం తేడా మూడున్నర గంటలు. అంటే ఇక్కడ ముందురోజు రాత్రి 8.30కే అపశకునాలు మొదలన్నమాట!

మొన్న జూన్‌లో స్టుట్‌గార్ట్‌లో నా మొదటి పుట్టినరోజు. నాన్న పోయి అప్పటికి ఏడు నెలలు. ఏడాది తిరిగేదాకా ఇంట్లో పండగల్లేవు. కేక్ కొనడానికి మనసొప్పలేదు. తేకపోతే పొగరనుకుంటారేమోనని భయం. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నా మరి.

పక్క సీట్లో కూర్చునే పెద్దావిడకి ఉన్నదున్నట్టు చెప్పేశా. "తాతయ్య పోయాక మా అమ్మమ్మ కూడా ఏడాదంతా నల్లబట్టలే వేసుకుంది. మాకూ ఆ పద్ధతి ఉండేది" అన్నారావిడ.

ఆ రోజు ఎవరూ పాట పాడలేదు, కొవ్వొత్తులు వెలిగించలేదు. నా డెస్క్ మీద అందరూ సంతకాలు పెట్టిన కార్డు ఒక్కటే ఉంది. మధ్యాహ్నం ఆవిడ యాపిల్ కేక్ తీశారు. "ఇది బర్త్‌డే కేక్ కాదు, రోజూ తాగే కాఫీలోకి. గుడ్డు వెయ్యలేదు, నువ్వు తినవుగా" అన్నారు.

కాఫీ తాగుతుంటే సిరియా నుంచి వచ్చిన కొలీగ్ అడిగాడు, "మీ నాన్న ఎలా ఉండేవారు?" అని.

ఏడు నెలలుగా ఎలా పోయారని అడిగినవాళ్లే గానీ, ఎలా ఉండేవారని అడిగినవాళ్లు లేరు. ఖమ్మం-హైదరాబాద్ ఆర్టీసీ బస్సు నడిపేవారని, స్టీరింగ్ మీద వేళ్లతో తాళం వేసేవారని చెప్పా. కాఫీ చల్లారిపోయింది. ఎవరూ లేవలేదు.

రాత్రి అమ్మకి ఫోన్‌లో అంతా చెప్తే, కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గుడ్డు లేకుండా అంత మెత్తగా ఎలా వచ్చిందో అడుగు" అంది.

పరాయి దేశంలో ఉంటే మీ మనసులోది ఒక్కరికైనా చెప్పండి. చెప్తేనే కదా ఎవరికైనా తెలిసేది! నవంబర్‌లో నాన్న సంవత్సరీకం. అదయ్యాక టీమ్‌కి నేనో కేక్ బాకీ.