పిల్లల ఉబ్బసము

చెఱకు నఱకు దినములలో చోడవరము చుట్టుపట్ల పల్లెలందు బెల్లపుపొయ్యిలు రాజుకొనును. ఆ పొగయు, చలియు, దుమ్మును ఉబ్బసము గల బిడ్డలకు గండములు. రాత్రి ఎగయూపిరితో లేచి కూర్చుండిన బిడ్డకు తెల్లవాఱి ఆయాసము తగ్గినంతనే వ్యాధి పోయినదని తల్లిదండ్రులు తలంతురు. పోలేదు, శ్వాసనాళముల లోపలి వాపు నిలిచియే యుండును.

ఆయాసమును అప్పటికప్పుడు తీర్చు సాల్బుటమాలు వేఱు; వాపును దినదినము నణచు పీల్చు స్టీరాయిడు వేఱు. 1972 నుండి వాడుకలో నున్న ఈ రెండవదియే ముఖ్యచికిత్స. ఇన్‌హేలరు వ్యసనమగునను భయము నిరాధారము. మృగశిరకార్తెకు హైదరాబాదున చేపమందునకై బారులు తీరు జనుల ఆర్తిని మేము పరిహసింపము. కాని ఏటి కొకనాటి మందు నిత్యచికిత్సకు బదులు కానేరదు.

ఏ మందు, ఎంత, ఎట్లు పీల్పింపవలయునో, ఏ బిడ్డకు దేనివలన ఆయాసము వచ్చునో నిర్ణయించుటకు నిపుణుడు కావలయును. అతనికై విశాఖపట్టణము పోవు కూలివాడు ఆనాటి కూలిని కోల్పోవును. 2019లో ఉబ్బసము 4,55,000 మందిని బలిగొన్నదని ప్రపంచారోగ్యసంస్థ లెక్క. వారిలో పెక్కురు పేదదేశములవారే.

కావున నియమిత దినములందు నిపుణుడే పల్లెల చెంతకు రావలయును. పీల్చు మందు ఎడతెగక ఉచితముగా లభింపవలయును. ఇది ప్రభుత్వధర్మము. పొయ్యిలను ఇండ్లకును బడులకును దూరముగా నుంచుట భూస్వాముల ధర్మము. ఊపిరికై బిడ్డ పెనుగులాడుచుండ మనము ఊరకుండ తగదు.