పడినవాళ్లను ఎత్తుకునే చోటు

టోక్యో ఒలింపిక్స్‌లో 2021 ఆగస్టు 4న మహిళల స్కేట్‌బోర్డింగ్ పార్క్ విభాగం ఫైనల్ జరిగింది. పతకం ఖాయమని అంతా అనుకున్న జపాన్ అమ్మాయి మిసుగు ఒకమొతోకు అప్పటికి 15 ఏళ్లు. ఆఖరి అవకాశంలో ఆమె పడిపోయింది. నాలుగో స్థానమే మిగిలి కన్నీళ్లతో పైకి వస్తుంటే, అంతసేపూ ఆమెతో పోటీపడిన పరదేశపు అమ్మాయిలే పరుగెత్తుకొచ్చి ఆమెను భుజాలమీదికెత్తుకున్నారు. బంగారు పతకం ఎవరిదో మరచిపోయినవాళ్లకు కూడా ఆ దృశ్యం గుర్తుంది. ఎదుటివాడు పడితే మనమొక మెట్టెక్కినట్టేనని లెక్కలు వేసుకునే లోకానికిది వింత!! స్కేట్‌పార్కుల్లో పెరిగినవాళ్లకు మాత్రం ఇది రోజూ చూసేదే.

నీళ్లు లేని కొలనులాంటి సిమెంటు గుంతలు, వాలు గోడలు, మెట్లు, ఇనుప కమ్మీలు, వాటిమీద నాలుగు చిన్న చక్రాల చెక్కపలకపై నిలబడి జారే పిల్లలు. ఇదే స్కేట్‌పార్కు. అక్కడ జట్లుండవు, సాధారణంగా ఈల వేసే రెఫరీ కూడా ఉండడు. గుంతలోకి ఒకసారి ఒక్కరే దిగాలి గనుక మిగతావాళ్లంతా గట్టుమీద నిలబడి తమ వంతుకోసం ఎదురుచూడాలి. ఆ నిరీక్షణలోనే సహవాసం పుడుతుంది. వంతు తప్పించి మధ్యలో దూరేవాణ్ణి ‘పాము’ అంటారు, వాడి ముఖం ఎవరూ చూడరు. ఎవరైనా కష్టమైన విన్యాసం సాధిస్తే చప్పట్లకు బదులు తమ పలకలతో గట్టును టపటపా కొడతారు. ఏడేళ్ల పసివాడు భయాన్ని జయించి మొదటిసారి వాలులోకి దిగినా అదే మోత. మోకాలు చీరుకుపోకుండా ఈ ఆట నేర్చినవాడు ఒక్కడూ ఉండడు, అందుకే పడినవాణ్ణి చూసి నవ్వే అర్హత తనకుందని అక్కడెవరూ అనుకోరు.

అలాగని స్కేట్‌పార్కు పరలోకమేమీ కాదు. పెద్దకుర్రాళ్లు గుంపుగా ఆక్రమించుకున్నచోట కొత్తగా వచ్చిన పిల్లవాడు గంటసేపు కంచె పక్కనే నిలబడి తిరిగి వెళ్లిపోతాడు. ఆడపిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎన్నో నగరాల్లో వాళ్లకోసం ప్రత్యేకంగా కొన్ని గంటలు కేటాయించవలసి వచ్చిందంటే కారణం అదే. వీధుల్లోనుండి తరిమేస్తే 1990లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ కుర్రాళ్లు బర్న్‌సైడ్ వంతెన కింద, ఎవరి అనుమతీ లేకుండా, సొంతంగా సిమెంటు పోసుకుని తమ పార్కు కట్టుకున్నారు. నగరపాలకులు తరువాత ఒప్పుకున్నారు. తరిమివేతకు గురైనవాళ్లు తమకంటూ చోటు దొరికాక ఇంకెవరిని లోనికి రానిస్తారన్నదే అసలు పరీక్ష. ఆ పరీక్షలో మనుషులు తరచుగా తప్పుతారు.

మధ్యప్రదేశ్‌లోని పన్నా జిల్లా జన్వార్ గ్రామంలో మాత్రం ఈ విషయాన్ని మంచి మనసులకే వదిలిపెట్టలేదు. జర్మనీకి చెందిన ఉల్రికే రైన్‌హార్డ్ 2015లో అక్కడొక స్కేట్‌పార్కు కట్టించి రెండే నియమాలు పెట్టారు. బడికి వెళ్లనివాళ్లకు ఆట లేదు. ఆడపిల్లలకే మొదటి అవకాశం. అంటే ఆడపిల్ల వచ్చి అడిగితే మగపిల్లవాడు ఎంత జోరుమీదున్నా పలక దిగి ఆమె చేతికివ్వాలి! యాదవుల పిల్లలు, ఆదివాసీల పిల్లలు కలిసి మెలిసి తిరగని ఊరది. అలాంటిచోట ఒకరు జారిన పలకమీదే మరొకరు కాలు పెట్టారు, పడినప్పుడు ఒకరి చెయ్యి మరొకరు పట్టుకున్నారు. ఆ ఊరి ఆదివాసీ అమ్మాయి ఆశా గోండ్ 2018లో చైనాలోని నాన్జింగ్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో భారతదేశం తరఫున నిలబడింది. కులాన్ని ఖండిస్తూ ఎవరూ అక్కడ ప్రసంగించలేదు. వంతు ఎవరిదో చెప్పారంతే.

మన సంఘాలకిది కొంచెం గుచ్చుకునే మాట. ప్రసంగాలకు మనకెన్నడూ కొదువ లేదు. అయినా ఒకే ఊళ్లో పేటకో చర్చి, కొన్నిచోట్ల పేటకో సమాధుల తోట ఉన్నాయి. పెద్దలను కలపడం కష్టమని పిల్లలను కూడా విడివిడిగానే పెంచుతున్నాం. జెకర్యా ప్రవక్త తిరిగి నిలబెట్టబడిన యెరూషలేమును వర్ణిస్తూ, దాని వీధులు ఆడుకునే బాలబాలికలతో నిండి ఉంటాయన్నాడు. ఆలయం గురించి అంత శ్రద్ధగా మాట్లాడిన ప్రవక్తకు ఆటలు కూడా కనబడ్డాయి. మన చర్చి ఆవరణలో ఉన్న ఖాళీ స్థలానికేమో ఆరాధన ముగియగానే తాళం పడుతుంది, పూలకుండీలు పగులుతాయని!!

ఇలాంటి చోట్లు ఎంత సులువుగా పోతాయో కాబూల్‌కు తెలుసు. ఆస్ట్రేలియాకు చెందిన ఆలివర్ పెర్కోవిచ్ 2007లో కొన్ని పలకలతో ఆ నగరానికి వెళ్లాడు. ఆడపిల్ల సైకిలు తొక్కితే తప్పుపట్టే సమాజమది. స్కేట్‌బోర్డు అంటే ఏమిటో ఎవరికీ తెలియదు గనుక దాన్ని నిషేధించాలని ఎవరికీ తోచలేదు. అతను నెలకొల్పిన స్కేటిస్తాన్ సంస్థలో ఆట పక్కనే చదువూ సాగింది, వందలాది అమ్మాయిలు చేరారు. వాళ్లమీద తీసిన లఘుచిత్రానికి 2020లో ఆస్కార్ వచ్చింది. ఒకమొతోను భుజాలకెత్తుకున్న పదకొండో రోజున, అంటే 2021 ఆగస్టు 15న, కాబూల్ తాలిబన్ల వశమైంది. స్కేటిస్తాన్ అక్కడి కార్యక్రమాలన్నీ నిలిపివేయవలసి వచ్చింది.