కలుపు అని తేల్చినదెవరు?

అమెరికాలో యింటిముందు పచ్చికను ప్రకృతికి హాని లేకుండా పెంచాలంటే కలుపుమందు కాస్త తగ్గిస్తే చాలునని కొందరు పెద్దలు బోధిస్తున్నారు. యీ బోధ చరిత్రను మరుగుపరుస్తోంది.

రెండవ ప్రపంచయుద్ధానికి పూర్వం అక్కడ పచ్చిక విత్తనాలలో తెల్ల క్లోవరు గింజలు కలిపి చల్లేవారు. మన రైతు పచ్చిరొట్టకు వేసే జనుము, జీలుగల వలెనే అది గాలిలోని నత్రజనిని నేలకు చేర్చే మొక్క. 1945లో 2,4-డి అనే కలుపుమందు బజారుకెక్కింది. గడ్డిని వదలి వెడల్పాకుల మొక్కలను చంపటం దాని గుణం. క్లోవరూ చచ్చింది. తప్పు మందుదని ఒప్పుకున్నారా? లేదు, క్లోవరునే కలుపు అన్నారు! ఊరక లభించే నత్రజనిని చంపి, సంచులలో నత్రజని అమ్మారు.

కనుక క్లోవరును తిరిగి చల్లాలి. గడ్డిని మరీ పొట్టిగా కోయరాదు. కోసిన తునకలను ఎరువుగా అక్కడే వదలాలి. అయితే వ్యక్తి సద్బుద్ధి ఒక్కటే చాలదు. పచ్చిక ఒకే తీరున లేకుంటే జరిమానా వేసే యిళ్ల యజమానుల సంఘాలు అక్కడ ఉన్నాయి. 2021లో మేరీలాండ్ రాష్ట్రం శాసనం చేసి అట్టి పెత్తనానికి కళ్లెం వేసింది. అక్కడ స్థిరపడిన మన తెలుగువారితో సహా ప్రజలు ప్రతి రాష్ట్రంలోనూ సాధించుకోవలసింది యిట్టి శాసనాన్ని. ఏది కలుపో మందు అమ్మేవాడు తేల్చినంతకాలం పచ్చిక పెంచేవాడు యజమాని కాదు, వట్టి ఖాతాదారు.